వసతిగృహముల కిటికీలను గూర్చి

దిల్‌సుఖ్‌నగరు, చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి.నగరు, వనస్థలిపురము ప్రాంతములందు బాలురకును బాలికలకును వసతిగృహములు నడపుచున్న యజమానులకును, ఆ గృహముల వార్డెనులకును, వనస్థలిపురమున నివసించు ఒక గృహస్థుడు నమస్కరించి వ్రాయు బహిరంగ లేఖ.

అయ్యలారా, అమ్మలారా,

నల్లగొండ, సూర్యాపేట, ఖమ్మము జిల్లాల నుండియు, కృష్ణాతీరపు పల్లెల నుండియు విజయవాడ రహదారి వెంట బస్సులలో వచ్చి, ఎల్.బి.నగరు కూడలిలో సామాను దించుకొని, ఉద్యోగపరీక్షల కోచింగు కొఱకో కంప్యూటరు కోర్సుల కొఱకో మీ గడప నెక్కు యువతీయువకులకు ఈ మహానగరమున మొదటి బంధువులు మీరే. వారి తలిదండ్రులు తిరుగు ప్రయాణమునకు ముందు వార్డెనును ప్రక్కకు పిలిచి, “మావాడిని కాస్త చూసుకోండి” అని చెప్పి పోవుదురు. ఆ మాటను మీరు అద్దెతో పాటు స్వీకరించినవారు. అందుచేత, ప్రభుత్వమునకో నగరపాలక సంస్థకో వ్రాయదగినదిగా తోచు ఒక విషయమును, బాగుగ ఆలోచించిన మీదట, మీకే వ్రాయుచున్నాను.

విషయము క్షయ, అనగా మన వీథులలో గొంతు తగ్గించి టి.బి. యని చెప్పుకొను వ్యాధి. ఒక విద్యార్థి కొన్ని వారములు దగ్గి, తుదకు దవాఖానకు పోయి, కళ్లె పరీక్ష చేయించుకొని, వ్యాధి యున్నదను కాగితముతో తిరిగివచ్చినచో, ఆ సాయంకాలమే అతని పళ్లెమును గ్లాసును వేఱు చేయుటయు, మఱునాడు అతని పరుపును గది వెలుపల పెట్టుటయు, రెండు మూడు దినములలో అతనిని ఊరికి పంపివేయుటయు మన ప్రాంతమున ఒక ఆచారముగా మాఱినది. మా వీథికి అనతిదూరమున నున్న ఒక గృహమున ఇట్లు జరుగగా నేనెఱుగుదును; ఆ గృహమును పేర్కొనను, ఏలయనగా భయపడినవారిని రచ్చకీడ్చుట నా యుద్దేశము కాదు. బాలుడు వెడలిన పిమ్మట ఆ గదిని ఫినాయిలుతో కడిగి, దోమలు వచ్చునని కిటికీ గడియ బిగించి, మిగిలిన మువ్వురిని అందే పరుండబెట్టిరి. ఆ మువ్వురిలో ఎవ్వరికైన దగ్గు ఉన్నదా యని మాత్రము అడిగినవారు లేరు. ఎవనివలన అపాయము తఱుగుటకు ఆరంభించినదో వానిని వెడలగొట్టి, ఎవనివలన అపాయమున్నదో తెలియనివానిని ఇంటనుంచుకొని, ఏ గాలి ఆ అపాయమును చెదరగొట్టగలదో ఆ గాలికి తలుపు మూయుట యెట్టి రక్షణమో మీరు సావధానముగ విచారింపవలెనని నా ప్రార్థన.

ఈ వ్యాధి ఒకరినుండి మఱియొకరికి సంక్రమించు మార్గము మానవజాతికి సులభముగ తెలిసినది కాదు. చంద్రునకు దక్షుని శాపమువలన కలిగిన రాజయక్ష్మ యని మన పురాణములు చెప్పినవి. యూరపు ఖండమున బహుకాలము ఇది వంశపారంపర్యముగా వచ్చునని పెక్కురు తలచిరి. 1882వ సంవత్సరము మార్చి 24వ తేదీన బెర్లిను నగరమున రాబర్ట్ కాఖ్ అను వైద్యుడు ఈ రోగమునకు కారణమైన సూక్ష్మజీవిని తాను కనుగొంటినని విద్వాంసుల సభలో ప్రకటించెను. దానితో వంశదోషమను మాట శాస్త్రమునందు వీగిపోయినది గాని, పెండ్లిసంబంధములు వెదకు మన పెద్దల సంభాషణలలో ఇంకను బ్రతికియే యున్నది. జీవి దొరకినను, అది నడచు దారి యేదను ప్రశ్న మిగిలెను. ఎండిన ఉమ్మి ధూళి వలననా, పాత్రల వలననా, బట్టల వలననా, శ్వాస వలననా యని వైద్యులు దశాబ్దములు వాదించుకొనిరి.

ఆ వాదమును తీర్చిన ప్రయోగము అమెరికా దేశమున బాల్టిమోరు నగరపు ఒక ఆసుపత్రిలో 1950ల దశకమున ఆరంభమైనది. దానికి భూమికను సిద్ధపఱచినవాడు విలియం వెల్స్. మనుజుడు దగ్గినపుడును, తుమ్మినపుడును, గట్టిగా మాటలాడినపుడును వెలువడు తుంపురులలో పెద్దవి నేల రాలుననియు, చిన్నవి నేల చేరకమునుపే నీరింకిపోయి అతిసూక్ష్మమైన కణములై గంటల తరబడి గాలిలో తేలుచుండుననియు ఆయన అంతకు పూర్వమే నిరూపించెను. ఆయన సహచరుడైన రిచర్డ్ రైలీ, క్షయరోగులున్న చిన్న వార్డు నుండి వెలువడు గాలినంతయు గొట్టముల గుండ పై భాగమునందలి ఒక గదికి పంపించి, ఆ గదిలో గినీపందులను పెంచెను. ఆ మూగజీవములు రోగి ముఖమును చూడలేదు; అతని పళ్లెమును తాకలేదు; అతని దుప్పటిపై పరుండలేదు. అయినను మాసములు గడచుకొలది వానిలో ఒకదాని తరువాత ఒకటి క్షయకు లోనయ్యెను. అదే గాలిని అతినీలలోహిత కిరణముల మధ్య నడిపించి మఱియొక గుంపునకు పంపగా ఆ గుంపు ఆరోగ్యముగ నిలిచెను. వ్యాధిని మోసినది గాలియే యనుటకు ఇంతకంటె స్పష్టమైన సాక్ష్యము అక్కఱలేదు. ఆ ప్రయోగమునందే మఱి రెండు సంగతులు బయటపడినవి: రోగులందఱును సమానముగ వ్యాపింపజేయరు, కొలదిమందియే అత్యధికమైన అంటునకు కారకులగుదురు, సరియైన మందులు పడిన రోగుల వలన సోకుట మిక్కిలి తగ్గిపోవును.

కావున పళ్లెమును వేఱు చేయుట వలన ప్రయోజనము లేదు. అయిదు మైక్రానులకు లోబడిన కణము మాత్రమే, అనగా మిల్లీమీటరులో రెండువందలవ వంతునకు మించనిదే, ముక్కునందును గొంతునందును గల అడ్డంకులను దాటి ఊపిరితిత్తుల చివర నుండు గాలిబుడగలను చేరగలదు. పళ్లెముపైనను తువాలుపైనను పడిన తుంపురునకు ఆ సామర్థ్యము లేదు. పచ్చిపాల వలన పశువుల క్షయ మనుష్యులకు వచ్చుట కలదు, నిజమే. మన యిండ్లలో పాలు పొంగించుకొని త్రాగుదురు గనుక ఆ సంగతిని ఇచ్చట పెంచను. కరచాలనము, ఒకే మరుగుదొడ్డి, ఒకే బకెట్టు, ప్రక్కప్రక్కన కూర్చుండి భుజించుట, ఇవి భయహేతువులు కావు. ప్రక్కమంచమున పరుండి, మూసిన గదిలో, రాత్రికి ఎనిమిది గంటల చొప్పున నెలల తరబడి ఒకరు విడిచిన గాలిని మఱియొకరు పీల్చుటయే భయహేతువు. ఎల్.బి.నగరు నుండి మియాపూరునకు మెట్రోలో నిలబడి పోవువాడు ఎవరో దగ్గిరని ముక్కు మూసికొనుట కద్దు. కాని ఆ కొద్దిసేపటి ప్రయాణము కంటె అతడు రాత్రి పరుండు నలుగురి గది అనేక రెట్లు లెక్కింపదగినది. చికిత్స లేని క్షయరోగి యొకడు సంవత్సరకాలమున తనతో సన్నిహితముగ మెలగు అయిదుగురు మొదలు పదునైదుగురి వఱకు వ్యాధిబీజమును అంటింపగలడని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి అంచనా.

ఇక ఆ బీజము దేహమున చేయు పనిని కొంచెము చెప్పవలయును. ఏలయనగా మీ భయమునకును మీ నిర్లక్ష్యమునకును రెండింటికి మూలము ఆ క్రియ తెలియకుండుటయే. గాలిబుడగను చేరిన సూక్ష్మజీవిని అచ్చటనే కాపుండు రక్షకకణములు మ్రింగును. సాధారణముగా అట్లు మ్రింగబడిన జీవి లోపలి ఆమ్లముల చేతను రసముల చేతను జీర్ణమై నశించును. కాని క్షయజీవికి మైనము వంటి దట్టమైన పైపొర కలదు. అది తనను జీర్ణింపజేయవలసిన రసముల సంచి తన దగ్గఱకు చేరకుండ అడ్డుకొని, దొంగను పట్టి బంధించిన ఠాణాలోనే ఆ దొంగ కాపురము పెట్టినట్లు, తన్ను మ్రింగిన కణమునందే వృద్ధి పొందును. అప్పుడు దేహము మఱికొన్ని కణములను పంపి దాని చుట్టు ఒక గోడ కట్టును. నూటికి తొంబది మందిలో ఆ గోడ జీవితాంతము నిలుచును. లోపలి జీవి చావదు, వెలికి రాదు. ఆ మనుజునకు దగ్గు లేదు, జ్వరము లేదు, అతనివలన ఎవ్వరికిని అపాయము లేదు. లోకమున నలుగురిలో ఒకరు ఇట్టి నిద్రాణబీజమును మోయుచున్నారని నేటి అంచనా. కావున మీ గృహమున ఏబదిమంది యున్నచో వారిలో పదిమందికి పైగా దీనిని మోయుచుండుట ఆశ్చర్యము కాదు. వారిని వెదకి వెడలగొట్టుట సాధ్యమును కాదు, న్యాయమును కాదు.

మిగిలిన కొందఱిలో, నూటికి అయిదుగురు మొదలు పదిమందిలో, ఆ గోడ కూలును. సోకిన తొలి రెండు సంవత్సరములలో ఈ ప్రమాదము ఎక్కువ. తరువాతను పోషకాహారలోపము, మధుమేహము, హెచ్.ఐ.వి., పొగత్రాగుట, మద్యము దానిని పిలిచి తెచ్చును. గోడ కూలినచోట ఊపిరితిత్తి మెత్తబడి, కరగి, ఒక గుంటయగును. గాలి సమృద్ధిగ దొరకు ఆ గుంటలో సూక్ష్మజీవులు కోట్లకొలది పెరుగును. ఆ గుంట శ్వాసనాళములోనికి తెఱచుకొనినపుడు ప్రతి దగ్గుతోను అవి వెలికి వచ్చును. వ్యాధి దేహమును చంపుచున్న చోటనే దాని వ్యాప్తికి ద్వారము ఏర్పడుట ఈ జీవి యొక్క క్రూరమైన చాతుర్యము. ఇది మిక్కిలి మందగామి. మన ప్రేగులలోని సామాన్య సూక్ష్మజీవి ఇరువది నిమిషములకు ఒకటి రెండగుచుండగా, దీనికి ఇంచుమించు ఒక దినము పట్టును. అందువలననే రోగము మెల్లగా వచ్చును. సాయంకాలపు జ్వరమును అలసటయని, రాత్రిచెమటను ఫ్యాను లేమియని, తగ్గిన బరువును మెస్సు భోజనపు దోషమని, దగ్గును నగరపు ధూళియని చదువుకొను పిల్లవాడు తన్నుతాను సమాధానపఱచుకొనుచుండును. మందుల దుకాణమున దగ్గుమందు సీసాలు కొనుచు నెలలు గడపును. ఆ నెలలే మీ గృహమునకు అపాయకాలము. 2019 మొదలు 2021 వఱకు దేశమంతట జరిగిన క్షయ సర్వేలో ఎక్స్‌రే తీయకున్నచో కనబడకుండ పోయెడి రోగులు నూటికి నలుబదిమందికి పైగా నుండిరి. లక్షణములు ఉన్నవారిలోను నూటికి అఱువదిమందికి మించి వైద్యుని చెంతకు పోనేలేదు.

వ్యాధి ఊపిరితిత్తులకే కాక మెడలోని గ్రంథులకును, వెన్నెముకకును, మెదడు పొరలకును, గర్భాశయమునకును రావచ్చును. ఊపిరితిత్తులు చెడక ఇట్టి క్షయ మాత్రమే కలవారి వలన ఇతరులకు సోకదు. మెడపై గడ్డ వచ్చి మందు వాడుకొనుచున్న బాలికను గది ఖాళీ చేయుమనుట కేవలము అజ్ఞానము.

“చిన్ననాడే అందఱికి టీకా పడినది గదా” యని మీలో కొందఱు అనవచ్చును. ఆ బి.సి.జి. టీకా మన దేశమున మొదట వేయబడినది 1948లో, మన మదనపల్లెలోనే. అక్కడి ఆరోగ్యవరపు క్షయ చికిత్సాలయము దక్షిణదేశమున ఈ రోగమును గూర్చిన విద్యకు పీఠముగ నుండెను. శిశువులను మెదడు క్షయ నుండి ఆ టీకా కాపాడును, అది గొప్ప మేలు. కాని 1968లో చెంగల్పట్టు జిల్లాలో ఆరంభమైన బృహత్పరీక్ష, పెద్దవారి ఊపిరితిత్తుల క్షయను అది అడ్డుకొనలేదని తేల్చినది. భుజముమీది మచ్చను చూచి నిశ్చింతగ నుండుటకు వీలులేదు.

మీ భయమునకు సూటిగ సమాధానము చెప్పగల పరీక్ష కూడ మన పొరుగుననే జరిగినది. 1956లో మదరాసున భారత వైద్య పరిశోధన మండలియు, ప్రపంచ ఆరోగ్య సంస్థయు, బ్రిటిషు వైద్య పరిశోధన మండలియు, రాష్ట్ర ప్రభుత్వమును కలిసి ఒక క్షయ చికిత్సా పరిశోధన కేంద్రమును నెలకొల్పెను. చెన్నపురి పేదవాడల రోగులలో కొందఱిని శానిటోరియమున ఉంచి, కొందఱిని వారి యిరుకు గుడిసెలలోనే ఉంచి, ఇరుతెఱగులవారికి ఒకే మందు లిచ్చి చూచిరి. ఇంటనున్నవారు మంచి తిండి లేక, విశ్రాంతి లేక, పెక్కుమందితో ఒకే గదిలో నుండిరి. అయినను 1959లో ప్రకటింపబడిన ఫలితము ప్రకారము వారును ఇంచుమించు సమానముగ స్వస్థులైరి. అంతకంటె మీకు ముఖ్యమైన దింకొకటి: ఇంటనే చికిత్స పొందినవారి కుటుంబసభ్యులకు, రోగిని శానిటోరియమునకు పంపిన కుటుంబములవారికంటె వ్యాధి ఎక్కువగ సోకలేదు. సోకవలసిన నష్టమంతయు రోగము గుర్తింపబడక పూర్వమే జరిగియుండెను. ఈ ఫలితము వెలువడిన పిమ్మట ప్రపంచమంతట శానిటోరియములు క్రమముగ మూతబడినవి. మదరాసు గుడిసెలో తల్లి ప్రక్కన పరుండి మానిన రోగమునకు, దిల్‌సుఖ్‌నగరు హాస్టలున స్థలము లేదనుట నాకు వింతగ తోచును.

నేటి చికిత్స ఆనాటిదానికంటె ఎంతయో బలమైనది. మొదటి రెండు నెలలు నాలుగు మందులు, తరువాత నాలుగు నెలలు మూడు మందులు; సరిగా వాడినచో సామాన్యమైన క్షయ మానును. ఆ నాలుగింటిలో ఎథాంబ్యుటాల్ అనునది 1961లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలందు కనుగొనబడినది. అచ్చటి పరిశోధనలకు భీమవరమున పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు అధిపతిగా నుండిన మాట సత్యము. కాని ఆయన 1948లోనే దివంగతుడయ్యెను. ఈ మందును ఆయనకే కట్టబెట్టు మన యభిమానుల ఉత్సాహము ఆ మహానుభావుని కీర్తికి అవసరమైనది కాదు, ఆయన చేసిన పనులే చాలును. మందు సరిగా పనిచేయుచున్నపుడు సుమారు రెండు వారములలోనే రోగివలన ఇతరులకు సోకు అవకాశము మిక్కిలి తఱిగిపోవును. అనగా, మీరు అతనిని వెడలగొట్టు దినము సాధారణముగా మందు ఆరంభమైన దినమో, దాని మఱుదినమో యగును. అపాయము పెరిగినన్ని నాళ్లు ఉంచుకొని, తఱుగు దినమున పంపివేయుచున్నారన్నమాట.

వెడలగొట్టుట వలన కలుగు అనర్థము ఆ ఒక్క విద్యార్థితో ముగియదు. ఒకనికి పట్టిన గతిని తక్కినవారందఱు చూతురు. తరువాత దగ్గువచ్చినవాడు పరీక్షకు పోడు. పోయినను మీకు చెప్పడు. మందుపట్టీలను పుస్తకముల మధ్య దాచుకొనును. రిఫాంపిసిన్ అను మందు మూత్రమును ఎఱ్ఱని నారింజరంగుగ మార్చునని వైద్యులు ముందే చెప్పి పంపుదురు. ఉమ్మడి మరుగుదొడ్డిలో ఆ రంగు ఎవరికంట పడునోయని భయపడి మాత్ర మానివేయుటకు పిల్లలు వెనుకాడరు. అట్లు తప్పిన మాత్రల వలన, సగములో విడిచిన చికిత్సల వలన, మందులకు లొంగని మొండి క్షయ పుట్టును. అదియు గాలిలోనే పోవును, ప్రక్కమంచమువానికే మొదట సోకును. ఊరికి పంపబడినవాడు అచ్చట ఏ దవాఖానలో పేరు వ్రాయించుకొనవలెనో తెలియక మధ్యలో పది దినములు మందు లేక గడపుట కలదు. దాచుకొనువారిని మీ భయమే తయారు చేయుచున్నది.

ఇక కిటికీలను గూర్చి. మీ గృహములలో అనేకము ఒక కుటుంబము కొఱకు కట్టినవి. నడుమ హాలును ప్లయివుడ్డు పలకలతో మూడు గదులుగ చీల్చి, గదికి నాలుగేసి, ఆఱేసి మంచములు వేసినవి. కిటికీ యున్నచో అది ప్రక్కయింటి గోడను చూచుచుండును. సాయంకాలము దోమలకై మూయబడును. ఉదయము బట్టలు ఆఱవేయుటకై మూయబడియే యుండును. ఏ.సి. గది యని అధికముగ అద్దె తీసికొను గదులు ఇంకను కష్టము. గోడకు బిగించు సామాన్యమైన ఏ.సి. యంత్రము బయటి గాలిని లోనికి తెచ్చునదికాదు. లోపలి గాలినే చల్లబఱచి మరల లోపలికే విడుచును. పంకా కూడ ఉన్న గాలిని కలియబెట్టుటయే గాని మార్చుట చేయదు. దక్షిణ అమెరికాలోని లిమా నగరపు ఆసుపత్రులలో శాస్త్రజ్ఞులు కొలిచి చూడగా, కిటికీలును తలుపులును తెఱచిన గదులలో గంటకు ఇరువది యెనిమిది మార్లు గాలి పూర్తిగ మాఱినది. యంత్రములతో గాలి నడపు అధునాతనమైన గదులలో పండ్రెండు మార్లే మాఱినది. 1950కి పూర్వము ఎత్తైన కప్పులతో, వెడల్పైన కిటికీలతో కట్టిన పాత వార్డులు అన్నిటికంటె మేలైనవిగ తేలినవి. కొత్తపేటలో నేటికిని మిగిలియున్న పాత పెంకుటిండ్ల తలుపులపై గల వెంటిలేటర్లను చూచి నవ్వువారు ఈ లెక్కను మననము చేయవలెను. వికారాబాదు చెంత అనంతగిరి కొండలపై నిజాము కాలమున శానిటోరియమును కట్టినవారు గాలిని మందనుకొని నమ్మిరి. గాలి వారి రోగులను మాన్పలేదు. కాని రోగముగల గాలిని పలుచన చేయుటకు అంతకంటె చౌకయైన సాధనము నేటికిని లేదు. హరిణ వనస్థలి చెట్లమీదుగా వచ్చు గాలిని ఇంత దగ్గఱ పెట్టుకొని మనము గడియలు బిగించుకొనుచుండుట విచారకరము. దోమలు సత్యమే, వానికి తెర కలదు, జాలి కలదు, తలుపు మూతయే మందు కాదు.

మెస్సు గూర్చి ఒక్క మాట. జార్ఖండు రాష్ట్రమున క్షయరోగుల కుటుంబములవారికి అదనముగ పప్పు, బియ్యము, పాలపొడి వంటివి కొన్ని నెలలు ఇచ్చి చూచిన పరీక్ష ఫలితము 2023లో ప్రకటింపబడినది: అట్లు తిండి పొందిన కుటుంబములలో కొత్తగ వ్యాధి వచ్చువారు నూటికి ముప్పది తొమ్మిది పాళ్లు తగ్గిరి. పలుచని పప్పుచారుతో నెలలు గడపు పిల్లలకు వారమునకు రెండు మూడు గ్రుడ్లు అధికముగ పెట్టుట వైద్యములో భాగమేయని మీరెఱుంగుదురు గాక.

మీరు చేయవలసినది నాకు తోచినంతవఱకు ఇది. రెండు వారములకు మించి దగ్గుచున్న విద్యార్థిని, విద్యార్థినిని దండింపక, బెదరింపక, వనస్థలిపురమునందలి ఏరియా ఆసుపత్రికో దగ్గఱి బస్తీ దవాఖానకో కళ్లె పరీక్షకై పంపుడు. నేటి యంత్రములు కొన్ని గంటలలోనే వ్యాధిని, మొండితనమును కూడ చెప్పగలవు. పరీక్షయు మందులును ఉచితము. 2018 నుండి పోషణకై నెలకు 500 రూపాయలును, 2024 నవంబరు నుండి 1,000 రూపాయలును రోగి బ్యాంకు ఖాతాకు ప్రభుత్వము పంపుచున్నది. తన ఊరు ఇచ్చట కాదని వదులుకొనవద్దని మీరే పిల్లలకు చెప్పుడు. వ్యాధి తేలినచో మొదటి రెండు మూడు వారములు అతనిని వేఱు గదిలోనో, డాబాపై గదిలోనో ఉంచి, మాస్కు ధరింపజేసి, భోజనము పంపుడు. ఊరికి పోదునన్నచో పోవుటకు పూర్వము అచ్చటి దవాఖానకు అతని చికిత్స మార్పించుకొనునట్లు చూడుడు. వైద్యుడు చెప్పిన పిమ్మట తన మంచమునకు తిరిగి రానిండు. గదిలోని తక్కినవారిని కూడ పరీక్షకు పంపుడు. అవసరమైనవారికి రోగము రాకుండ ముందుగనే మందిచ్చు పద్ధతి కలదు. పేరు మాత్రము నోటీసుబోర్డున గాని, వాట్సాపు గుంపున గాని కనబడరాదు. “తెలిసినచో హాస్టలు ఖాళీ యగును” అను మీ భయము వట్టిది కాదు, వ్యాపారము మీకు ప్రాణాధారము. కాని దగ్గువానిని వెంటనే పరీక్షకు పంపు ఇల్లని తలిదండ్రులు తెలిసికొనినచో ఆ ఇంటికే ధైర్యముగ పంపుదురని నేను తలచుచున్నాను. ఇంతవఱకు ఎవ్వరును అట్లు చెప్పుకొన సాహసింపలేదు గనుక ఇది నా యూహ మాత్రమే.

అడ్వాన్సు సంగతి మిగిలినది. వ్యాధివలన నడుమనే పోవలసివచ్చినవాని అడ్వాన్సు పూర్తిగ తిరిగి యిత్తుమని, తిరిగివచ్చినచో మంచము ఉంచెదమని, మీ నియమముల కాగితమున ఒక వాక్యము చేర్చుడు. ప్రవేశ దినముననే ఆ వాక్యమును చదివిన పిల్లవాడు దగ్గును దాచడు.

ఎదుట గోడయే యున్న కిటికీకి ఏమి చేయవలెనని మీలో పలువురు అడుగుదురు. తలుపు పైభాగమున వెంటిలేటరు తెఱపించి, ఎదుటి గోడలో గాలిని వెలికి నెట్టు ఎగ్జాస్టు పంకా పెట్టించినచో చాలవఱకు మేలగును. రెండును సాధ్యము కాని గది మన ప్రాంతమున తక్కువ కాదు. అట్టి గదిని సామాను గదిగ మార్చి, మంచములను వెలుగు పడు చోటికి చేర్పుడు. ఒక గదికి నాలుగు మంచముల అద్దె నెలనెల పోవును. ఆ నష్టము చిన్నది కాదు, దానిని చిన్నదని చెప్పుటకు నేను మీ లెక్కలు వ్రాయువాడను కాను.

ఇట్లు,
మీ పొరుగువాడు,
వనస్థలిపురము.